నీళ్ళు లేని బొమ్మ

కాదు తల్లీ, నిలబడి కాదు, కూర్చుని. అది సరిగ్గా రాయి, అసలు సంగతంతా అక్కడే ఉంది. మీ అత్త ఏ ఆసుపత్రి గోడకి బొమ్మ ఎంచాలన్నా ముందు వెళ్ళి రోగి కూర్చునే కుర్చీలో కూర్చుంటుంది, మంచమైతే పడుకుంటుంది. గంటసేపు. ఫోను ఆపేసి, నోరు కట్టేసుకుని. మిగతా ఫోటోలవాళ్ళు వచ్చీ రాగానే టేపు తీసి గోడ కొలుస్తారు, ఈమె గోడ కొలిచేది అన్నిటికంటే ఆఖరున. ఆ రోజు మధ్యాహ్నం కూడా కన్నతండ్రినైన నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, "నాన్నా, ఎవరో ఏదో అడిగారని లేచి వాళ్ళ వెంట పోకు, ఇక్కడే ఉండు" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి, కిడ్నీ రోగులకి రక్తం శుభ్రం చేసే గదిలోకి వెళ్ళింది. తలుపు ఓరగా తెరిచే ఉంది. కంటికి కనబడిందీ చెవిన పడిందీ నాది, మనసులో తిరిగిందంతా తనది, ఇంటికొచ్చే దారిలో చెప్పింది. నేను ముందూ వెనకా చేసి చెబుతాను. నువ్వు ఆపి అడక్కుండా రాస్తూ పో.

అత్తకి దొరికిన కుర్చీ పక్కన మిషను చెడిపోయి ఉంది, అందుకే ఆ కుర్చీ ఖాళీ. వెనక్కి వాలింది. కుర్చీ కూడా తనతో పాటు వాలి, కాళ్ళ కింద పలక పైకి లేచి, పడుకోబెట్టిందీ కాదు కూర్చోబెట్టిందీ కాదు అన్నట్టు చేసి వదిలింది. రెగ్జిను చల్లగా వీపుకి తగిలింది. ఈ చల్లదనం మామయ్య వీపుకి కూడా ఇలాగే తగిలి ఉంటుంది, వారానికి మూడుసార్లు, ఇక్కడ కాదు వేరే ఆసుపత్రిలో, అయినా రెగ్జిను రెగ్జినే, అనుకుంది. వెంటనే ఆ ఆలోచనని పక్కకి తోసింది. ముందు పని. ఎదురుగా గోడ, కొత్తగా వేసిన మీగడ రంగు, వాసన ఇంకా పోలేదు. ఇక్కణ్ణించి చూస్తే గోడ కింది సగం మిషన్ల తలకాయల వెనక దాక్కుంది, కాబట్టి బొమ్మ బాగా పైకి పోవాలి, నిలబడ్డవాళ్ళకి మెడ నొప్పి పుట్టినా సరే, నిలబడ్డవాళ్ళ కోసమా ఏమన్నా. గోడ మధ్యలో గడియారం. దాన్ని మొదట పీకించాలి. గడియారం ఉన్న గోడ మీద ఏ బొమ్మా గెలవదు, చూపు బొమ్మ దాకా పోయి మళ్ళీ ముల్లు దగ్గరికే తిరిగొచ్చేస్తుంది. ఈ పాఠం పళ్ళ డాక్టరు దగ్గర నేర్చుకుంది, కాదు, పళ్ళ డాక్టరు దగ్గర నేర్చుకున్నది కప్పు సంగతి. నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకున్నవాడికి గోడతో పనేముంది, కప్పే వాడి గోడ, అందుకని కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనబడే బొమ్మ కప్పుకి అంటించింది. "నా పేషెంట్లని అడవిలో పారేశారు కదమ్మా" అని ఆ డాక్టరు నవ్వాడు. గడియారం పాఠం గుండె ఆసుపత్రిది. అక్కడే ఇంకో తప్పు కూడా ఉంది, ఎవరో అంతకుముందు కొండ మీదికి రాతి మెట్లెక్కే బొమ్మ పెట్టారు, ఆయాసంతో వచ్చి కూర్చున్నవాళ్ళు ఆ మెట్లు చూసి ఇంకా రొప్పేవారు. మనసు బాగోలేని వాళ్ళ క్లినిక్కులో గుడ్లగూబ. ఎంత అందమైన గుడ్లగూబో, కానీ అది తననే చూస్తోందని ఒక పిల్ల గదిలో ఉన్న కుర్చీలన్నీ మారింది. పని కొత్తలో అత్త స్వయంగా చేసిన ఘనకార్యం ఒకటుంది, మూత్రం జబ్బుల డాక్టరు వరండాలో గోడంత జలపాతం పెట్టింది, మామయ్య తీసిందే. వారం తిరక్కుండా ఆ డాక్టరు ఫోను చేసి, "బొమ్మ బ్రహ్మాండం అండీ, నేను పేరు పిలిచేలోపే సగంమంది లేచి బాత్రూముకి పరిగెడుతున్నారు" అన్నాడు. మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశావా, ఫోటో చూసి చప్పట్లు కొట్టినవాళ్ళుంటారు గానీ, ఇలా లేచి పరిగెత్తినవాళ్ళని ఎక్కడన్నా చూశావా? నా నీళ్ళకి దమ్ముందే!"

దమ్ముంది. అదే చిక్కు. పెదవి మీదికొచ్చిన నవ్వు అక్కడే ఆగింది. ఎందుకంటే ఈ గోడకి బొమ్మ ఎంచడం ముందే అయిపోయింది, తను ఊఁ అనడం ఒక్కటే మిగిలింది. కిడ్నీ డాక్టరమ్మకి మామయ్య తీసిన నది అంటే ప్రాణం. బావకి, అంటే తన కొడుక్కి, ఇంకా ప్రాణం. వాడు దాన్ని గోడంత గుడ్డ మీద అచ్చు వేయించాడు, కింద బిగించడానికి ఇత్తడి పలక మీద తండ్రి పేరు చెక్కించాడు. గంట గడిచాక తెస్తానన్నాడు. పేరు. ఆ నది బొమ్మ ఎక్కని చోటు లేదు, క్యాలెండర్ల మీదికెక్కింది, బిస్కెట్ డబ్బాల మూతల మీదికెక్కింది, పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు. ఒకసారి మంగలి షాపులో అద్దం పక్కన వేలాడుతున్న క్యాలెండరు చూపించి మామయ్య, "ఇది నేను తీసిందే" అన్నాడట. మంగలి కత్తెర ఆపి, "మీరు తియ్యడమేంటి సార్, దేవుడు తీసింది" అన్నాడట. "దేవుడి బొమ్మకైతే కింద పేరు వేస్తారుగా, నాకు అదీ లేదు" అన్నాడు మామయ్య ఇంటికొచ్చి, సగం గెడ్డంతో, నవ్వుతూనే. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు ఆ పేరు ఇత్తడి మీద చెక్కి ఉంది, మేకు కొట్టడమే తరువాయి, ఈ ఒక్క గోడ మీద, రోజూ మనుషులు వచ్చి కూర్చునే చోట. కూడదని చెప్పాల్సి వస్తే ఆ మాట చెప్పాల్సినది తను. పెళ్ళాం. ఆ నది తీసిన రోజున ఒడ్డు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మనిషి. నడుం లోతు చల్లటి నీళ్ళలో కెమెరా నెత్తి మీదికెత్తి పట్టుకుని ఆయన, కడుపులో బావతో ఒడ్డు మీద తను, "ఇక చాలు రండి, జ్వరం తెచ్చుకుంటారు" అని అరుస్తూ. "వెలుగు రావాలే, వెలుగు రానీ." వెలుగొచ్చింది. అడుగున గులకరాళ్ళు కూడా కనబడేంత తేట నీళ్ళు, మలుపు దగ్గర రెండు పాయలై మళ్ళీ కలుసుకునే నది. జ్వరం కూడా వచ్చింది.

గదిలో మిషన్లు మెల్లగా తిరుగుతున్నాయి. ఎర్రటి గొట్టాలు. అటు పోయేదీ ఇటు వచ్చేదీ ఒక్క మనిషి రక్తమే. పక్క కుర్చీలో మెడ దాకా దుప్పటి కప్పుకున్న పెద్దమనిషి అత్తకేసి తిరిగి చూశాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరట, ఇప్పటికీ కుడికాలు అప్పుడప్పుడూ బ్రేకు తొక్కుతున్నట్టు కదుల్తూనే ఉంటుంది.

"కొత్తా చెల్లెమ్మా? భయపడకు. సూది గుచ్చేటప్పుడే కొంచెం నొప్పి, ఆ తర్వాతంతా విసుగే."

మాట్లాడకూడదన్నది తన నియమమే అయినా నవ్వొచ్చి, "నాకు జబ్బు లేదన్నయ్యా, ఆ గోడకి బొమ్మ ఎంచడానికి వచ్చాను" అంది.

"ఓహో. అయితే నది పెట్టించు. నోటితో ఎటూ తాగనివ్వరు, కళ్ళతోనైనా తాగుతాం."

ఆ మాట అత్త గుండెలో మేకులా దిగింది. ఇంతసేపూ తను నమ్ముకున్న నేల కొంచెం కదిలింది. ఇదిగో, ఇక్కడ కూర్చునేవాడే నది కావాలంటున్నాడు, మరి నేనెవర్ని వద్దనడానికి? మా ఇంట్లో ఒకడికి వేసిన దాహాన్ని తెచ్చి గదంతటికీ పులుముతున్నానా? కళ్ళు మూసుకుంది. మూసుకోగానే కాటా కనబడింది. గది గుమ్మం దగ్గర కూడా ఒకటి ఉంది, లోపలికొచ్చేముందు అందరూ దాని మీద ఎక్కాలి, కిడ్నీలు పనిచెయ్యక తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోతాయి, మొన్నటికీ ఇవాల్టికీ ఎంత బరువు పెరిగితే అన్ని నీళ్ళు తాగినట్టు. కాటా ముందు అబద్ధం చెల్లదు. మామయ్య దాని మీద ఎక్కేముందు చెప్పులు విప్పేవాడు, జేబులో చిల్లర తీసేవాడు, కళ్ళజోడు కూడా తీసేవాడు. "మీసం కూడా గొరిగించుకోండి" అనేది తను. "నువ్వు పెళ్ళానివి కాదే, నీళ్ళ పోలీసువి." ఇంట్లో మూత గ్లాసు ఒకటి, ఉదయం నింపితే రాత్రి దాకా అదే. దాన్ని ఆయన చప్పరిస్తూ తాగేవాడు, నోట్లో తిప్పి తిప్పి, మింగడానికి మనసు రాక. ఐసు ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంటే పక్కన బాంబు పడ్డా తెరిచేవాడు కాదు. ఒకనాటి సాయంత్రం బాత్రూములో కుళాయి సన్నగా తిప్పిన చప్పుడు, చప్పుడు కాకూడదని తిప్పితే ఎలా ఉంటుందో అలా. తలుపు అవతల తను నిలబడింది. "ఏం చేస్తున్నారండీ?" కుళాయి ఆగింది. "మొహం కడుక్కుంటున్నా." గొంతు తడిగా ఉంది. తలుపు కొట్టలేదు, అరవలేదు, వంటింట్లోకి వెళ్ళి ఏదో గిన్నె తోమింది, తోమిన గిన్నే. మర్నాడు కాటా ఎక్కినప్పుడు ఆయన తనకేసి చూడలేదు, తను ఆయనకేసి చూడలేదు. ఆ రాత్రి ఆయాసం ఎంత వచ్చిందో డాక్టర్లకే తెలుసు.

ఇది ఆయనొక్కడి సంగతి కాదు, తిరగేసి ఆలోచించినా కాదు. ఇప్పుడే చూసింది గదా, ఆ చివర కుర్చీలో ఆవిడ పెదవుల మీద తడి గుడ్డ అద్దుకుంటోంది. డ్రైవరు మాట కూడా నదిని అడిగిన మాట కాదు, దాహం అడిగిన మాట. ఆకలితో ఉన్నవాడిని ఏ బొమ్మ పెట్టమంటావంటే విందు బొమ్మే అడుగుతాడు. అడిగాడని పెట్టేస్తే పూటపూటా దాని ఎదుట కూర్చోబెట్టి కట్టేసినట్టు. లేచి పక్కకి పోదామంటే చేతికి గొట్టాలు, నాలుగు గంటలు. బయట వరండాలో కూర్చున్నవాడు నచ్చకపోతే తల తిప్పుకుంటాడు, ఇక్కడివాడికి తిప్పుకోవడానికి ఇంకో గోడ లేదు. ఇక అన్నిటికంటే లోపల, అత్త ఇన్నాళ్ళూ తనకి తానే చెప్పుకోకుండా మూట కట్టి పెట్టింది ఒకటి ఉంది. మంచానికి ఎదురుగా ఇంట్లో ఆ నదే ఉండేది. ఒక మధ్యాహ్నం మామయ్య గోడకేసి చూస్తూ చూస్తూ, "దాన్ని తిప్పెయ్యి" అన్నాడు. ఏది అని అడిగింది. "నదిని. మొహం గోడకేసి పెట్టు. అది నా ఎదురుగా ఊరికే పారుతోందే, ఒక్క చుక్క ఇవ్వదు." తను స్టూలెక్కి తిప్పింది. వెనకవైపు అట్టా, మేకులూ, దుమ్మూ. ఆయన ఆ అట్టని చూస్తూ ఎన్నాళ్ళకో హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత చెయ్యి పట్టుకున్నాడు. "అబ్బాయికి చెప్పకు. నాన్న తన నదికే భయపడ్డాడని వాడికి తెలియకూడదు. వాడు నన్ను చూసే కదా కెమెరా పట్టింది." చెప్పనంది. ఒట్టు వేయించుకోలేదు, కానీ ఆ చెయ్యి వదల్లేదు, అది ఒట్టు కంటే గట్టిది.

సరే, నది వద్దు. ఏం పెడతావు మరి? పని పనే. ఆయన ఫోటోల్లోనే ఇంకొకటి ఎంచితే పేరు దక్కుతుంది, పలక వృథా కాదు. ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ మనసులోనే తెరిచింది, ఒకటొకటే తీసింది. అన్నీ తడే. ఆయన జన్మంతా నీళ్ళే తీశాడు. పక్షి తీస్తే చెరువులో నిలబడ్డ పక్షి, చెట్టు తీస్తే చెట్టుని కాదు, దాని కింద గుంటలో నీడని. ఆకు తీస్తే ఆకు చివర చుక్క. కొండ ఉంది ఒకటి, ఎంత ఊరట పడిందో, కానీ దాని నెత్తిన మంచు, మంచంటే ఐసు, ఐసంటే నాలుక మీద కరిగే ముక్క. సముద్రమైతే ఒకేసారి రెండు తప్పులు, నీళ్ళూ ఉప్పూ. పోనీ వేరేవాళ్ళవి. పండ్ల తోట? ఈ రోగులకి పండ్లు కూడా కొలిచే పెడతారు, ఒక్కో పండూ ఒక్కో తిట్టు. ఇసక తిన్నెలు? చూస్తేనే గొంతెండుతుంది. మబ్బులు? మబ్బు చూసి వాన తలుచుకోని మనిషెవడు? పొద్దు గూకే ఆకాశాన్ని ఏ ఆసుపత్రికీ పెట్టదు, ఒక ముసలావిడ "అది ఎప్పుడు మునుగుతుందా అని చూస్తా పడుకోవాలామ్మా?" అన్నప్పట్నించీ. రాలే ఆకులు వద్దు. పొగమంచులోకి పోయే బాట అసలే వద్దు. అలా ఒకటొకటే తీసేస్తూ పోతే చివరికి చేతిలో గడ్డి మిగిలింది.

గడ్డి! గడ్డాయన గడ్డి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు అత్తకి. ఆ గడ్డాయన మామయ్యకి జన్మ శత్రువు, అంటే కొట్టుకునే శత్రువు కాదు, ఎదురైతే పలకరించుకుని వెనక తిరిగి వెక్కిరించుకునే రకం. ఆ మనిషీ ఫోటోలాయనే, జీవితమంతా గడ్డే తీశాడు, అందుకే ఆ పేరు, కొండ వాలు మీద గడ్డి, గట్టు మీద గడ్డి. "వాడి ఫోటోలకి ప్రదర్శన ఎందుకే, మేకల్ని పిలిస్తే చాలు" అనేవాడు మామయ్య. అట్నించి వచ్చే జవాబు, "ఆయన ఫోటోలు గోడకి పెట్టుకోకూడదు, కింద బకెట్టు పెట్టుకోవాలి." ఆ బకెట్టు మాటకి మామయ్య ఏడాది పొడుగునా ఉడికిపోయాడు. ఇప్పుడు ఆ మనిషి బొమ్మ ఈ గోడ మీదా? ఆ మనిషి పేరు, ఇత్తడి మీద, మామయ్య పేరు ఉండాల్సిన జాగాలో? ఏమండీ, మీరే చెప్పండి. ఆయన చెప్పకపోయినా తన సంచిలో గడ్డాయన బొమ్మలు మూడు ఉన్నాయి, పొద్దున్న తనే పెట్టుకుంది, ఎందుకు పెట్టుకుంటున్నావని చెయ్యిని అడక్కుండా. పడుకునే వాటిని ఒళ్ళో పరిచింది. ఒకటి తెల్లవారిన గడ్డి, ప్రతి పరక మీదా మంచు చుక్క, అది మళ్ళీ సంచిలోకి పోయింది. ఒకటి ఎండిన గడ్డి, అది కూడా. మూడోది నడి పగలు, పచ్చటి వాలు, గాలికి గడ్డంతా ఒకే వైపు ఒరిగి ఉంది, అక్కడక్కడా నలిగి లేస్తున్న పరకలు, ఎవరో ఇప్పుడే నడిచి వెళ్ళినట్టు. తడి కోసం వెతికింది. మూలమూలా వెతికింది. కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుని వెతికింది, దొరికితే బాగుండునని కూడా వెతికింది. చుక్క లేదు. చాలాసేపు చూశాక తెలిసింది, తన ఊపిరి ఆ గడ్డితో పాటు ఒరిగి లేస్తోందని. ఇదే. నాకు నచ్చకపోయినా ఇదే. వెన్ను నిటారుగా చేసుకుని, కుర్చీని కూడా పైకి లేపింది.

అప్పటికి బావ వచ్చాడు. భుజం మీద చుట్ట, చేతిలో పలక, మొహం నిండా పండగ. నన్ను చూసి, "తాతా, లోపలికి రా, నాన్నని చూద్దువుగాని" అన్నాడు. నేను గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. వెనకే డాక్టరమ్మ. నర్సు, బావ చెరో కొసా పట్టుకుని గోడ మీద చుట్ట విప్పి, గడియారం మీదుగా టేపు అంటించారు. నిజం చెప్పొద్దూ, గది ఒక్కసారిగా వెలిగింది. నాకే కాళ్ళు తడిశాయేమో అనిపించింది. డాక్టరమ్మ "అబ్బా" అంది. డ్రైవరు తల పైకెత్తి, "ఇది కదా నదంటే! చెల్లెమ్మా, నా మాట విన్నావు" అని కేక పెట్టాడు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. అత్త మాత్రం నది చూడలేదు, మనుషుల్ని చూసింది. కాసేపటికి డ్రైవరు గుటక వేశాడు. ఇంకోటి వేశాడు. "నర్సమ్మా, ఒక్క ఐసు ముక్క ఇవ్వవూ."

"మీ వాటా అయిపోయింది బాబాయ్."

"పోనీ టైమెంతయింది?"

గడియారం నది కింద ఉంది. ఆయన చూపు దాన్ని వెతుక్కుంటూ నీళ్ళ మీద అటూ ఇటూ తిరిగి, చివరికి దుప్పట్లోకి దిగిపోయింది.

"తీసెయ్యి నాన్నా" అంది అత్త.

బావకి అర్థం కాలేదు. "టేపే అమ్మా, మేకులు తర్వాత."

"మేకులు వద్దు. ఈ గదికి ఈ బొమ్మ వద్దు. డాక్టరమ్మా, ఇక్కడ కూర్చునేవాళ్ళు లేచిన దగ్గర్నించీ నీళ్ళనే తలుచుకుంటారు. గోడ మీద కూడా అవే పెడితే వాళ్ళెక్కడికి పోతారు?"

డాక్టరమ్మ వెంటనే తల ఊపలేదు. "నేనలా అనుకోవడం లేదమ్మా. కొందరికి ఇది హాయినిస్తుంది, నాకు తెలుసు. కానీ బొమ్మల పని మీకు అప్పజెప్పాం, కాబట్టి మీ మాటే. వరండాలో పెట్టుకుందామా మరి?"

"వరండాలో పెట్టడానికి మా నాన్నేమన్నా చెప్పుల స్టాండా?" అన్నాడు బావ. "ఆయన పోయింది ఈ జబ్బుతో. పెడితే ఈ గదిలోనే. అమ్మా, నువ్వు గంట కూర్చుని తేల్చింది ఇదా? పోనీ ఏం పెడతావ్, చెప్పు."

అత్త ఒళ్ళో బొమ్మ ఎత్తి చూపించింది.

"గడ్డాయనదా?" బావ నవ్వాడు, ఆ నవ్వు వినలేకపోయాను. "నాన్న జాగాలో గడ్డాయనా? ఇప్పుడు అర్థమైంది. నీకు నాన్న ఫోటోలు ఎప్పుడూ గిట్టలేదు. ఆయన మంచం మీద ఉండగానే నదిని గోడకేసి తిప్పేశావ్. నా కళ్ళతో చూశాను. మళ్ళీ ఇటు తిప్పింది నేనే. ఎందుకు తిప్పావమ్మా?"

అప్పుడు అత్త నాలుక చివరికి ఆ మాట వచ్చింది. ఆయన తిప్పమన్నార్రా. ఒక్క మాట, చెబితే అన్నీ తీరిపోతాయి, కొడుకు దక్కుతాడు, డాక్టరమ్మ ఒప్పుకుంటుంది, తన మీద మచ్చ పోతుంది. చెబితే వాడి కళ్ళ ముందు ఆ నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి మంచం మీద అట్టకేసి చూసే మనిషైపోతాడు. చేతిలో ఇంకా ఆ చెయ్యి బరువుంది. వీడు ఇటు తిప్పి వెళ్ళాక, మళ్ళీ తిప్పితే వీడికి తెలిసిపోతుందని, మూడు రోజులు ఆయన కళ్ళు మూసుకునే పడుకున్నాడని కూడా చెప్పాల్సొస్తుంది. వద్దు. గోడ వదలను, మాటా వదలను. రెండూ నావే, బరువు కూడా నాదే.

"అవును, నేనే తిప్పాను" అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఈ గదికి గడ్డే. పైకి కట్టించండి డాక్టరమ్మా, కూర్చున్నవాళ్ళ ఎత్తుకి. గడియారం తీయించండి."

బావ నదిని చుట్టుకుని, పలక జేబులో కుక్కుకుని, నా పక్కనుంచే వెళ్ళిపోయాడు. టేపు ముక్కలు గోడకి మిగిలాయి. అత్త ఒక్కొక్కటీ గోరుతో గీకి తీసింది, కొత్త రంగు ఊడకుండా.

బండిలో కూర్చున్నాక ఇదంతా చెప్పింది. చెప్పి, "బావకి చెప్పకు నాన్నా, ఆయనకి మాటిచ్చాను" అంది. నేను ఊఁ అనలేదు తల్లీ. దగ్గాను. దగ్గు మాట ఇచ్చినట్టు కాదు, నువ్వే చెప్పు. మాటిచ్చింది అది, నేనివ్వలేదు. అది చచ్చినా నోరు తెరవదు, ఆ మొండితనం నా దగ్గర్నించి వచ్చిందే, నాకు తెలుసు. గడ్డి బొమ్మ ఇప్పుడు గోడ మీదుంది, కింద గడ్డాయన పేరుంది. మొదట్లో డ్రైవరు "మేమేమన్నా మేకలమా చెల్లెమ్మా" అని గొణిగాడట, ఇప్పుడేమో ఆ పరకల్లో ఎక్కడో పురుగొకటి దాక్కుందని, నాలుగు గంటలూ అది వెతుకుతున్నాడట. నీ బావ మాత్రం ఆ రోజు నుంచి తల్లి ఎదుట పడలేదు. నన్ను చూడ్డానికి వస్తాడు, అది ఇంట్లో లేని వేళ చూసి వస్తాడు. నేను చెప్పబోతే నా నత్త నడక మాట పూర్తయ్యేలోపే లేచి పోతాడు. నువ్వు చదివితే కూర్చుంటాడు, నీ మాటంటే వాడికి మొదట్నించీ లోకువైనా ఇష్టమే.

అందుకని ఇది తీసుకెళ్ళి వాడికి చదివి వినిపించు. నదిని తిప్పిన చోట తొందరపడకు, మెల్లగా చదువు. ఆ మూడు రోజుల మాట మాత్రం ఏం చేస్తావో నీ ఇష్టం, నాకైతే చదవమనే ఉంది. లేచి నిలబడితే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు. అంతా అయ్యాక, రాయనిది ఒక్కటి నోటితో చెప్పు, తాత చెప్పమన్నాడని చెప్పు. మీ నాన్న నదికి భయపడలేదురా, ఆయనకి దాహం వేసింది, అంతే.